చిలుము

రాత్రి రెండింటి నుంచి తెల్లారేదాకా
ల షో-ద-ఫోన్ వీధుల్లో బండితో మంచు తోస్తాను.
గళ్ళ నోటుపుస్తకంలా గీసిన ఊరు మాది.
ప్రతి మేడకీ ఈ చివర నుంచి ఆ చివరకి కిటికీలే.
ఒకప్పుడు వాటి వెనక వరసగా వంచిన తలలు,
కంట్లో ఇరికించుకున్న భూతద్దాలు.
అందులో ఒక తల మా నాన్నది.

పగలు ఆయన బల్ల దగ్గరే కూర్చుంటాను.
చూస్తే బల్ల తిరగేసేవాడు.
నేను బాగుచేసేవి ఆయన పొట్ట కొట్టినవి:
క్వార్ట్జ్ వాచీలు, డెబ్బైల నాటివి, అందులోనూ వింతవి.
బొత్తాం నొక్కితే ఎర్రటి అంకెలు చూపించి
వెంటనే సిగ్గుపడేది ఒకటి.
టీవీ పెట్టె ముఖంది ఒకటి.
ఎడమచేతివాళ్ళ కోసమని చేస్తే
ఏ చేతివాళ్ళూ కొననిది ఇంకొకటి.
"రాయి" అనేవాడు నాన్న, అంతకుమించి పేరు పెట్టకుండా.
నిజమే, లోపలున్నది పలుగురాయి ముక్కే.
బియ్యపుగింజంత కూడా ఉండదు.
సెకనుకి ముప్పైరెండు వేల చిల్లర సార్లు వణుకుతుంది,
చలి లేకుండానే.

మరల వాచీ చస్తే ఎందుకు చచ్చిందో శవమే చెబుతుంది:
విరిగిన పన్ను, ఎండిన నూనె, అరిగిన ఇరుసు.
ఇది నోరు విప్పదు.
నల్లటి బొట్టు కింద సర్క్యూట్.
బతికుందో లేదో ముఖం చూసి చెప్పలేం.
పాత సైజు బ్యాటరీ దొరకదు, రాగిరేకు మడిచి ఎత్తు పెట్టాలి.
విడిభాగాలు చేసిన కార్ఖానాలో ఇప్పుడు యోగా నేర్పుతున్నారు.
ఒకదాన్ని బతికించాలంటే ఇంకొకదాన్ని చంపాలి.
నా సొరుగులో పదకొండు పొట్లాలున్నాయి, అలా చంపినవి.

ఈ చలికాలం శనివారం సంతలో
ముప్పై ఫ్రాంకులకి ఒక ఆకుపచ్చ పలక దొరికింది.
తీగచుట్ట తెగింది. మీటరు ముల్లు కదల్లేదు.
కింది అంతస్తు నుంచి మదామ్ ఓడెట్ మాతేని పిలిచాను.
పంతొమ్మిదేళ్ళు ఈ చుట్టలే చుట్టింది.
మెట్ల మీద ఎదురుపడితే
నాన్న గోడకేసి తిరిగేవాడు.

ఇప్పుడామెకి చూపు లేదు, చేతులు వణుకు.
"మొదటి చుట్టు చూడు, టంకం పక్కన.
శుక్రవారం మధ్యాహ్నాలు ఇంటికెళ్ళే తొందరలో
గట్టిగా లాగేసేవాళ్ళం."
అక్కడే తెగింది.
వెంట్రుకని నిలువునా నాలుగు చీలిస్తే అందులో ఒకటి.
"ఊపిరి బిగపట్టు. దానికి నీ ఊపిరి గాలివాన."
మూడు గంటలు.
మీటరు ముల్లు లేచింది. వాచీ లేవలేదు.
సర్క్యూట్ పోయింది.

అదే సర్క్యూట్ ఉన్నది ఇంట్లో మరొకటుంది.
డెబ్బై ఎనిమిదిలో పనిలోంచి తీసేసినవాళ్ళకి
తలా ఒకటి పంచారు, వెనక పేరు చెక్కించి.
బీరువాలో, టైల కింద.
నాన్న ఒక్కరోజు కూడా కట్టుకోలేదు.

ఇన్నేళ్ళకి చిలుము పట్టి
పచ్చటి ముద్దయి ఉంటుందనుకుంటూ మూత తీశాను.
తళతళలాడింది.
బ్యాటరీ ఉండాల్సిన గుంటలో
గుండ్రంగా కత్తిరించిన పల్చటి కాగితం.
మూత లోపల సూదిమొనతో, రిపేరువాళ్ళు గీసుకునే పద్ధతిలో,
తేదీ. ఇచ్చిన మర్నాడే.
"బ్యాటరీ తీశాను."

పట్టకారు నా చేతిలోనే ఉంది.
"ఏమైంది?" అంది మదామ్ మాతే. చదివి వినిపించాను.
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, "ఒక్కసారి చెవి దగ్గర పెట్టు" అంది.

కొత్త బ్యాటరీ వేశాను.
ఆమె తల వంచింది, ఆ పాత కిటికీల్లో తలల్లాగా.
ఎంతసేపు విందో నేను లెక్కపెట్టలేదు.

ఆకుపచ్చది పన్నెండో పొట్లమైంది.
పైన రాశాను: చుట్ట బాగుంది, సర్క్యూట్ దొరకాలి.
రెండు కావొస్తోంది. నలభై సెంటీమీటర్ల మంచు పడుతుందట.
బండి తాళాలు తీసుకునే ముందు
సూది వెతికి, నాన్న గీత కింద
ఇవాళ్టి తేదీ గీశాను.
బ్యాటరీ వేశాను. నడిచింది. తీశాను.